ఇంట్లోనే ఓట్స్ కిస్‌మిస్ కుకీలు.. ‘హెల్దీ’ అంటున్నారు సరే, ఒక్కో కుకీలో చక్కెర ఎంత?

హైదరాబాద్: సాయంత్రం నాలుగు దాటితే చాలు, మొజంజాహీ మార్కెట్ చుట్టుపక్కల బేకరీల నుంచి వెన్న, యాలకుల వాసన రోడ్డు మీదికి వచ్చేస్తుంది. అబిడ్స్‌లో ఆఫీసు వదిలినవాళ్లు, నాంపల్లి స్టేషన్‌లో రైలు దిగినవాళ్లు ఓ పావు కిలో బిస్కెట్లు కట్టించుకుని ఇంటికి వెళ్లడం ఇక్కడ మామూలే. ఇంట్లో ఒకరికి షుగర్ ఉందని తెలిశాకే అసలు చిక్కు మొదలవుతుంది. ఆ పొట్లం విప్పాలా వద్దా? అప్పుడే ఎవరో ఒకరు అంటారు: “ఓట్స్ బిస్కెట్టే కదా అత్తయ్యా, రెండు తినండి, ఏం కాదు.”

నిజంగా ఏం కాదా? ఓట్స్, కిస్‌మిస్ కలిపి కుకీలు ఇంట్లోనే చేసుకుంటే బయట కొన్నదానికంటే మంచివి అవుతాయా? అవుతాయి, కానీ ఎంత మేరకు అన్నది లెక్క వేసి చూడాలి. చేసే పద్ధతితో పాటు ఆ లెక్క కూడా ఇక్కడ చూద్దాం.

ఈ రోడ్ల మీద బిస్కెట్ కథ

అబిడ్స్‌కి ఆ పేరు వచ్చిందే ఒక దుకాణం వల్ల. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో పనిచేసిన ఆర్మేనియన్ ఆల్బర్ట్ అబిద్ ఇక్కడ దుకాణం నడిపారు. ఆయన పేరే ఏరియా పేరైపోయింది. అక్కడి నుంచి కాస్త నడిస్తే రాతి కట్టడం మొజంజాహీ మార్కెట్. 1935లో కట్టిన ఈ మార్కెట్‌కి ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రెండో కొడుకు మొజం జా పేరు పెట్టారు. దేశ విభజన తర్వాత వలస వచ్చిన సింధీ కుటుంబానికి చెందిన ఖాన్‌చంద్ రమ్నానీ 1953లో కరాచీ బేకరీ మొదలుపెట్టింది ఈ మార్కెట్ దగ్గరే. టూటీఫ్రూటీ ముక్కలున్న ఫ్రూట్ బిస్కెట్‌తో ఆ పేరు దేశమంతా తెలిసింది. నాంపల్లి వైపు సుభాన్ బేకరీ ఉస్మానియా బిస్కెట్లకీ, మొహర్రం రోజుల్లో దమ్ కే రోట్‌కీ ఫేమస్.

ఉస్మానియా బిస్కెట్ మీద ఓ కథ నగరంలో బాగా ప్రచారంలో ఉంది. ఉస్మానియా ఆసుపత్రిలో రోగులకి ఇవ్వడానికే దీన్ని తయారుచేశారని, అందుకే ఆ పేరని చెబుతారు. ఆ కథ సంగతి ఎలా ఉన్నా, ఈరోజు షుగర్ పేషెంట్‌కి ఏ డాక్టరూ దాన్ని రాసివ్వరు. మైదా, వెన్న, చక్కెర, కాస్త ఉప్పు.. నోట్లో వేసుకుంటే కరిగిపోతుంది. కరిగిపోవడమే దాని గొప్ప, దాంతో ఇబ్బంది కూడా అదే. పీచు లేని పిండి, చక్కెర అంత త్వరగానూ రక్తంలోకి చేరతాయి.

దమ్ కే రోట్ మాత్రం కొంచెం వేరు. గోధుమ పిండి, రవ్వ, నెయ్యి, డ్రైఫ్రూట్స్, కుంకుమపువ్వు పడతాయి. ముట్టుకుంటే గట్టిగా, కొరికితే ఇసుకలా రాలుతూ ఉంటుంది. ఓ రకంగా చూస్తే బరకగా ఉండి, గింజలు, ఎండు పళ్లు తగిలే కుకీ ఈ నగరానికి కొత్తేమీ కాదు. ఓట్స్ కుకీ మాత్రం అమెరికా నుంచి వచ్చింది. 1896లో అక్కడ అచ్చయిన ఫ్యానీ ఫార్మర్ వంటల పుస్తకంలోనే ఓట్స్ కుకీల పద్ధతి ఉంది. ఆ తర్వాత ఓట్స్ కంపెనీలు డబ్బాల మీదే రెసిపీ అచ్చేసి ఇంటింటికీ చేర్చాయి.

ప్యాకెట్ మీద ఓట్స్ బొమ్మ.. లోపల?

దేశంలో షుగర్ వ్యాధి ఉన్నవాళ్లు 10.1 కోట్ల మంది అని ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం 2023లో లెక్క తేల్చింది. షుగర్ వచ్చే ముందు దశలో ఉన్నవాళ్లు ఇంకో 13.6 కోట్ల మంది. మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ ఎన్‌ఐఎన్ 2024 మే నెలలో భారతీయుల కోసం ఆహార మార్గదర్శకాలు విడుదల చేస్తూ, దేశంలో మొత్తం జబ్బుల భారంలో 56.4 శాతం సరిగా లేని తిండి వల్లేనని చెప్పింది. చక్కెర, నూనె, ఉప్పు తగ్గించమని, ప్యాకెట్ల మీద లేబుల్ చదవమని కూడా ఆ మార్గదర్శకాల్లోనే ఉంది.

లేబుల్ చదవడం కష్టమేమీ కాదు. వాడిన పదార్థాల పేర్లు బరువు ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదాని వరుసలో రాయాలన్నది రూల్. అంటే ఓట్స్ బిస్కెట్ ప్యాకెట్ వెనక్కి తిప్పితే మొదటి పేరు గోధుమ పిండో, మైదానో, తర్వాత చక్కెర, తర్వాత పామాయిల్, ఆ తర్వాతెప్పుడో ఓట్స్ అని కనిపిస్తే.. అది ఓట్స్ కలిపిన మైదా బిస్కెట్ అని అర్థం. చాలా ప్యాకెట్ల మీద ఓట్స్ పక్కనే ఎంత శాతమో కూడా ఉంటుంది. పోషకాల పట్టికలో మొత్తం చక్కెర, విడిగా కలిపిన చక్కెర అని రెండు లైన్లు ఉంటాయి. రెండోది చూడండి.

‘డైజెస్టివ్’, ‘మల్టీగ్రెయిన్’, ‘హై ఫైబర్’ లాంటి ముందువైపు మాటల కంటే వెనకవైపు చిన్న అక్షరాలే నిజం ఎక్కువ చెబుతాయి. విడిగా తూకం వేసి అమ్మే కుకీలకి కొన్నిచోట్ల లేబులే ఉండదు కాబట్టి, అందులో వెన్న వాడారా వనస్పతి వాడారా అన్నది అడిగితేనే తెలుస్తుంది. వనస్పతిలో ఉండే ట్రాన్స్ ఫ్యాట్ గుండెకి చెడ్డది. నూనెలు, కొవ్వుల్లో అది 2 శాతానికి మించకూడదని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పెట్టిన పరిమితి 2022 జనవరి నుంచి అమల్లో ఉంది.

ఏమేం కావాలి?

ఈ కొలతలకి 20 కుకీలు వస్తాయి. కప్పులతో కాకుండా చిన్న కిచెన్ తూకంతో కొలిస్తే ప్రతిసారీ ఒకేలా వస్తాయి.

రోల్డ్ ఓట్స్ 150 గ్రాములు
గోధుమ పిండి 100 గ్రాములు
ఉప్పు లేని వెన్న 80 గ్రాములు
బెల్లం పొడి 70 గ్రాములు
గుడ్డు 1
కిస్‌మిస్ 60 గ్రాములు
అక్రోట్ లేదా బాదం ముక్కలు 30 గ్రాములు
వంట సోడా అర టీస్పూన్
దాల్చిన చెక్క పొడి అర టీస్పూన్
వెనీలా ఎసెన్స్ 1 టీస్పూన్
ఉప్పు పావు టీస్పూన్
పాలు 1 టేబుల్ స్పూన్, పిండి పొడిగా అనిపిస్తేనే

ఓట్స్ విషయంలో ఒక్క జాగ్రత్త. గింజని ఆవిరి పట్టి రేకుల్లా ఒత్తినవి రోల్డ్ ఓట్స్. వీటితోనే కుకీకి నమిలే గుణం వస్తుంది. ఇన్‌స్టంట్ ఓట్స్ ఇంకా పల్చగా, చిన్నగా ఉంటాయి. తడి తగలగానే ముద్దైపోయి కుకీ మెత్తటి కేకులా వస్తుంది. స్టీల్ కట్ ఓట్స్ అయితే ఉడక్క పంటికింద రాయిలా తగులుతాయి. ఇంట్లో ఉన్నది కదా అని మసాలా ఓట్స్ ప్యాకెట్ చింపేయకండి, ఉల్లిపాయ రుచి కుకీ ఎవరికీ నచ్చదు!

కిస్‌మిస్, గింజలు కొనాలంటే అబిడ్స్ నుంచి బేగం బజార్ ఎంతో దూరం కాదు. అక్కడి హోల్‌సేల్ డ్రైఫ్రూట్ దుకాణాల్లో రకాలన్నీ దొరుకుతాయి. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 వరకు ఏటా నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో జరిగే నుమాయిష్‌కి వెళ్లేవాళ్లు కశ్మీర్ స్టాళ్లలో అక్రోట్లు కొంటుంటారు. 1938లో మొదలైన ఈ నుమాయిష్ అలవాటు చాలా ఇళ్లలో ఇప్పటికీ ఉంది. మన దగ్గర అమ్మే కిస్‌మిస్ ఎక్కువగా మహారాష్ట్రలోని సాంగ్లీ, నాసిక్ వైపు నుంచి వస్తుంది. బంగారు రంగులో మెరిసేవాటికి ఆ రంగు నిలవడానికి సల్ఫర్ డయాక్సైడ్ పట్టిస్తారు. ఉబ్బసం ఉన్న కొందరికి ఇది పడదు, వాళ్లు నల్ల కిస్‌మిస్ తీసుకోవడం మంచిది. ఏ రకమైనా రెండుసార్లు కడిగాకే వాడాలి.

తయారీ ఇలా

ముందుగా కిస్‌మిస్‌ని వేడి నీళ్లలో 10 నిమిషాలు నానబెట్టి, నీళ్లు వంపేసి, గుడ్డతో తుడిచి పెట్టుకోవాలి. ఎండిపోయిన కిస్‌మిస్ అలాగే వేస్తే పిండిలోని తడిని అదే లాగేసుకుంటుంది. కుకీ పొడిబారుతుంది, పైకి కనిపించే కిస్‌మిస్ మాడి చేదెక్కుతుంది. చక్కెర తగ్గించిన కుకీలో ఈ స్టెప్పు ఇంకా ముఖ్యం. ఎందుకంటే ఉబ్బిన కిస్‌మిస్ పంటికింద తగిలినప్పుడల్లా వచ్చే తీపి, పిండిలో తగ్గించిన తీపి లోటు కనిపించనివ్వదు.

ఓట్స్‌ని మందపాటి బాణలిలో సన్న సెగ మీద ఐదారు నిమిషాలు వేయించాలి. రంగు మారక్కర్లేదు, కమ్మటి వాసన వస్తే చాలు. మన ఇళ్లలో ఉప్మా రవ్వ వేయించే లెక్కే. అమెరికన్ రెసిపీల్లో ఇది అంతగా కనిపించదు గానీ, తీపి తగ్గించినప్పుడు రుచి పెంచే దారుల్లో ఇంతకంటే సులువైనది లేదు. చల్లారాక అందులో ఓ మూడో వంతు మిక్సీలో ఒక్కసారి తిప్పి బరక పిండి చేయండి. ఇది కుకీని విడిపోకుండా పట్టి ఉంచుతుంది.

మెత్తబడిన వెన్న, బెల్లం పొడి కలిపి విస్కర్‌తోనో, గరిటెతోనో రెండు మూడు నిమిషాలు గిలక్కొట్టాలి. గుడ్డు, వెనీలా వేసి మళ్లీ కలపాలి. వేరే గిన్నెలో గోధుమ పిండి, సోడా, ఉప్పు, దాల్చిన చెక్క పొడి జల్లించి దీంట్లో పోసి, పొడి కనిపించనంత వరకే కలపాలి. చపాతీ పిండిలా పిసికితే గోధుమలోని గ్లూటెన్ సాగి కుకీ రబ్బరులా అవుతుంది. చివర్లో ఓట్స్, కిస్‌మిస్, గింజలు.

ఇప్పుడు గిన్నె మూతపెట్టి అరగంట ఫ్రిజ్‌లో ఉంచండి. ఓట్స్ తడి పీల్చుకోవడానికి, వెన్న గట్టిపడటానికి ఈ సమయం కావాలి. మే నెలలో హైదరాబాద్ వంటగదిలో వెన్న బయట పెడితే మెత్తబడటం కాదు, ఏకంగా నెయ్యిలా కరిగిపోతుంది. కాబట్టి ఎండాకాలంలో గంటసేపు ఉంచడమే మేలు. ఫ్రిజ్‌లో పెట్టకుండా నేరుగా ఓవెన్‌లో పెడితే ట్రే అంతా పరుచుకుని ఒకే పెద్ద అట్టులా తయారయ్యే ప్రమాదం ఉంది.

పెద్ద నిమ్మకాయంత ఉండలు, ఒక్కోటి 27, 28 గ్రాములు ఉండేలా చేసి, బటర్ పేపర్ పరిచిన ట్రే మీద అరచేత్తో కాస్త ఒత్తాలి. చక్కెర, వెన్న తక్కువ కాబట్టి ఇవి వాటంతట అవి పెద్దగా పరుచుకోవు. ఏ మందంలో ఒత్తితే దాదాపు అదే మందంలో ఉంటాయి. పైకి పొడుచుకొచ్చిన కిస్‌మిస్‌ని లోపలికి నొక్కండి.

ఓటీజీ అయితే 175 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు ముందుగా వేడిచేసి, మధ్య అరలో 12 నుంచి 14 నిమిషాలు బేక్ చేయాలి. అంచులు లేత గోధుమ రంగులోకి వచ్చి, మధ్యలో ఇంకా మెత్తగా ఉన్నప్పుడే తీసేయాలి. ఇక్కడే చాలామంది పొరపడతారు. వేలితో నొక్కితే మెత్తగా ఉంది కదా అని ఇంకో ఐదు నిమిషాలు ఉంచుతారు. కుకీ గట్టిపడేది ఓవెన్‌లో కాదు, చల్లారేటప్పుడు. ట్రే మీదే ఐదు నిమిషాలు వదిలేసి, ఆ తర్వాత జాలీ మీదికి మార్చండి. ఓటీజీ డయల్ మీద చూపించే వేడికీ లోపల ఉండే వేడికీ తేడా ఉండొచ్చు, అందుకే మొదటిసారి రెండు కుకీలే పెట్టి టైమ్ చూసుకుంటే మిగతావి పాడవవు.

ఓవెన్ లేకపోతే?

అద్దె గదుల్లో, హాస్టళ్లలో ఓటీజీ ఎక్కడిది? మందపాటి అడుగున్న పెద్ద బాణలి చాలు. అడుగున రెండు కప్పుల ఉప్పు పోసి, మధ్యలో చిన్న స్టాండ్ పెట్టి, మూతతో మధ్యస్థ మంట మీద 10 నిమిషాలు వేడిచేయాలి. బటర్ పేపర్ వేసిన స్టీల్ ప్లేట్‌లో ఐదారు కుకీలు పెట్టి, మంట బాగా తగ్గించి, మూతపెట్టి 18 నుంచి 22 నిమిషాలు ఉంచాలి. అడుగు ఎర్రబడుతుంది గానీ పైభాగం తెల్లగానే ఉంటుంది. రంగు కోసం చూస్తూ కూర్చుంటే అడుగు మాడుతుంది.

ప్రెషర్ కుక్కర్‌లో చేస్తే గాస్కెట్, విజిల్ రెండూ తీసేయాల్సిందే, ఇది మర్చిపోవద్దు. నీళ్లు లేకుండా కాల్చడం వల్ల కుక్కర్ పాడవుతుంది కూడా, అందుకే రోజూ వాడే కుక్కర్ బదులు పాతది వాడటం నయం. నాన్‌స్టిక్ గిన్నెలు ఈ పనికి అస్సలు వద్దు. ఆ ఉప్పు చల్లారాక డబ్బాలో దాచి మళ్లీ బేకింగ్‌కే వాడుకోవచ్చు, కూరలో వేయకండి.

ఒక్క కుకీలో ఎంత?

ఇప్పుడు అసలు లెక్క. పైన చెప్పిన సామాన్లన్నీ కలిపితే దాదాపు 2,200 కేలరీలు. 20తో భాగిస్తే ఒక్కో కుకీకి 110 కేలరీలు. కలిపిన తీపి, అంటే బెల్లం, ఒక్కోదానికి 3.5 గ్రాములు. కిస్‌మిస్‌లో సహజంగా ఉండే చక్కెర ఇంకో 2 గ్రాముల దాకా. కొవ్వు 5 గ్రాములు, పీచు ఒకటిన్నర గ్రాములు. ఇవన్నీ సుమారు లెక్కలే, బ్రాండును బట్టి కాస్త అటూ ఇటూ అవుతాయి.

పాత అమెరికన్ పద్ధతుల్లో ఓట్స్ బరువు ఎంతో చక్కెర బరువూ దాదాపు అంతే ఉంటుంది. ఇక్కడ బెల్లం ఓట్స్ బరువులో సగం కూడా లేదు, మైదా అసలే లేదు. తేడా అక్కడే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 మార్గదర్శకాల ప్రకారం విడిగా కలిపే చక్కెర రోజు తినే మొత్తం కేలరీల్లో 10 శాతం లోపు ఉండాలి, 5 శాతం లోపుంటే ఇంకా మంచిది. రోజుకి 2,000 కేలరీలు తినే మనిషికి ఆ 5 శాతం అంటే 25 గ్రాములు, ఆరు టీస్పూన్లు. బెల్లం, తేనె కూడా ఈ లెక్కలోకే వస్తాయి. రెండు కుకీలు తింటే 7 గ్రాములు అయిపోయాయి. పక్కన రెండు చెంచాల చక్కెర వేసిన చాయ్ ఉంటే ఇంకో 8 నుంచి 10 గ్రాములు. అంటే చాలా ఇళ్లలో కుకీల కంటే కప్పు చాయ్‌లోనే చక్కెర ఎక్కువ. కుకీ కోసం ఇంత కష్టపడి, చాయ్‌లో చక్కెర అలాగే ఉంచితే లాభం సగమే.

మరి ఓట్స్ వల్ల కొలెస్ట్రాల్ తగ్గుతుందంటారు, అది? ఓట్స్‌లో బీటా గ్లూకాన్ అనే కరిగే పీచు ఉంటుంది. కడుపులో నీళ్లతో కలిసి జిగురులా మారి, గ్లూకోజ్ రక్తంలోకి చేరే వేగాన్ని తగ్గిస్తుంది, పిత్తరసంలోని ఆమ్లాల్ని పట్టుకుని బయటికి పంపేస్తుంది. వాటిని మళ్లీ తయారుచేసుకోవడానికి లివర్ రక్తంలోని కొలెస్ట్రాల్‌నే వాడుకుంటుంది. అలా చెడు కొలెస్ట్రాల్ కొంత తగ్గుతుంది. రోజుకి 3 గ్రాముల బీటా గ్లూకాన్ అందితే గుండెకి మేలని చెప్పుకోవడానికి అమెరికా ఎఫ్‌డీఏ 1997లో ఓట్స్ కంపెనీలకి అనుమతి ఇచ్చింది.

100 గ్రాముల ఓట్స్‌లో ఇది సుమారు 4 గ్రాములు. మన 150 గ్రాముల ఓట్స్‌లో 6 గ్రాములు. ఒక్కో కుకీకి వచ్చేది 0.3 గ్రాములే. అంటే ఆ 3 గ్రాములు అందాలంటే 10 కుకీలు తినాలి, 1,100 కేలరీలు! అదే 75 గ్రాముల ఓట్స్‌తో జావో, ఉప్మానో చేసుకుంటే 3 గ్రాములూ వచ్చేస్తాయి, ఓట్స్ వరకు కేలరీలు 300 లోపే. కాబట్టి ‘కొలెస్ట్రాల్ తగ్గించే కుకీ’ అని ఎవరైనా అంటే నమ్మకండి. ఇది మైదా బిస్కెట్ బదులు తినే మంచి బిస్కెట్, అంతవరకే.

బెల్లం అయితే షుగర్ ఉన్నవాళ్లకి పర్లేదా?

పర్లేదు అనుకోవడమే మన ఇళ్లలో పెద్ద పొరపాటు. బెల్లంలో ఎక్కువ భాగం చక్కెరే. కొద్దిగా ఐరన్, ఇతర ఖనిజాలు ఉంటాయి గానీ, 3.5 గ్రాముల బెల్లంతో వచ్చే ఐరన్ లెక్కలోకి రానంత తక్కువ. రక్తంలో గ్లూకోజ్ మాత్రం చక్కెర పెంచినట్టే పెంచుతుంది. మరి ఈ రెసిపీలో బెల్లం ఎందుకంటే రుచికి. వేయించిన ఓట్స్‌కీ, దాల్చిన చెక్కకీ బెల్లం వాసన బాగా అతుకుతుంది, దానిలోని తడి వల్ల కుకీ మెత్తగా ఉంటుంది. ఖర్జూరం ముద్ద వేసినా, తేనె వేసినా తీపి తీపే, లెక్కలో కలపాల్సిందే.

కృత్రిమ తీపి పొడులతో చేయొచ్చా అని అడిగేవాళ్లూ ఉన్నారు. బరువు తగ్గడానికని వీటిని వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే నెలలో సూచించింది. అయితే ఇప్పటికే షుగర్ ఉన్నవాళ్లకి ఆ సూచన వర్తించదని కూడా చెప్పింది. వాళ్లు డాక్టర్‌ని అడిగి నిర్ణయించుకోవాలి. వంటపరంగా చూస్తే ఇంకో ఇబ్బంది ఉంది. చక్కెర ఇచ్చేది తీపి ఒక్కటే కాదు. తడిని పట్టి ఉంచుతుంది, రంగునిస్తుంది. అది పూర్తిగా తీసేస్తే కుకీ పాలిపోయి, మరుసటి రోజుకి అట్టముక్కలా అవుతుంది. పైన చెప్పిన 70 గ్రాముల బెల్లాన్ని 50 దాకా తగ్గించుకోవచ్చు. అంతకంటే తగ్గిస్తే పిల్లలు ఒకటి కొరికి ప్లేట్‌లో పెట్టేస్తారు.

షుగర్ మందులు వాడేవాళ్లు తినాలనుకుంటే ఒకటితో ఆపడం, అదీ ఖాళీ కడుపున కాకుండా భోజనం తర్వాత తినడం, రెండు గంటలకి గ్లూకోమీటర్‌తో చూసుకోవడం.. ఈ మూడూ చేస్తే తమ ఒంటికి అది పడుతుందో లేదో వాళ్లకే తెలిసిపోతుంది.

గుడ్డు తినరా? వెన్న లేదా?

గుడ్డు బదులు ఒక టేబుల్ స్పూన్ అవిసె గింజల పొడిని మూడు టేబుల్ స్పూన్ల నీళ్లలో 10 నిమిషాలు నానబెడితే జిగురుగా అవుతుంది, అది వేయండి. బాగా మగ్గిన అరటిపండు సగం మెదిపి వేసినా సరిపోతుంది, అప్పుడు బెల్లం 20 గ్రాములు తగ్గించొచ్చు. కాకపోతే కుకీ కేకులా మెత్తగా ఉంటుంది, రెండు రోజులకి మించి బయట నిలవదు.

వెన్న బదులు నెయ్యి వాడేవాళ్లు అదే కొలత వేయకూడదు. వెన్నలో 80 శాతం పైచిలుకు కొవ్వు, మిగతాది చాలావరకు నీళ్లు. నెయ్యి దాదాపు మొత్తం కొవ్వే. అందుకే 80 గ్రాముల వెన్నకి 65 గ్రాముల నెయ్యి చాలు, తగ్గిన తడి కోసం ఓ టేబుల్ స్పూన్ పాలు పోయాలి. వేరుశనగ నూనె, పొద్దుతిరుగుడు నూనె అయినా పనిచేస్తాయి, కుకీ కాస్త కరకరలాడుతుంది.

గోధుమ పిండిలో సగం జొన్న పిండితో మార్చుకుంటే రుచి బాగుంటుంది, తెలంగాణ ఇళ్లలో అది ఎలాగూ ఉండేదే. పూర్తిగా జొన్నే వేస్తే పట్టు లేక విరిగిపోతాయి. గోధుమ పడని సీలియాక్ వ్యాధి ఉన్నవాళ్లు మాత్రం మామూలు ఓట్స్ కూడా వాడకూడదు. ఓట్స్‌లో సహజంగా గ్లూటెన్ లేకపోయినా పొలంలో, మిల్లులో గోధుమ కలిసిపోతుంటుంది. గ్లూటెన్ ఫ్రీ అని సర్టిఫై చేసిన ప్యాకెట్లే తీసుకోవాలి, అదీ డాక్టర్ సరేనన్నాకే.

చిన్న పిల్లలున్న ఇళ్లలో ఇంకో మాట. నాలుగేళ్ల లోపు పిల్లలకి ముళ్లూ విత్తులూ లేకపోయినా మొత్తం కిస్‌మిస్, గింజ ముక్కలు గొంతులో అడ్డంపడే ప్రమాదం ఉంది. కిస్‌మిస్‌ని సన్నగా తరిగి, గింజల్ని పొడి చేసి వేయండి. ఏడాది నిండని పసివాళ్లకి తేనె ఏ రూపంలోనూ వద్దు. కిస్‌మిస్ పళ్లకి అతుక్కుంటుంది కాబట్టి, స్కూల్ బాక్సులో పెడితే తిన్నాక నీళ్లతో పుక్కిలించమని చెప్పి పంపండి.

ఎన్నాళ్లు నిల్వ ఉంటాయి?

పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టాలి. వెచ్చగా ఉండగా మూతపెడితే ఆవిరి పట్టి మెత్తబడతాయి. గాలి చొరబడని స్టీల్ లేదా గాజు డబ్బాలో నాలుగైదు రోజులు బాగుంటాయి. వానాకాలంలో మూడు రోజులకే మెత్తబడతాయి, 150 డిగ్రీల దగ్గర ఐదు నిమిషాలు వేడి చేస్తే మళ్లీ సరవుతాయి. ఇంట్లో తయారైనవాటిలో నిల్వ మందులు ఉండవు కాబట్టి, బయట కొన్న ప్యాకెట్‌లా నెలల తరబడి ఉంటాయనుకోవద్దు.

డబ్బా కళ్లముందు ఉంటే నాలుగు రోజులు కూడా ఆగదన్నది వేరే సంగతి. అందుకో ఉపాయం ఉంది. 20 ఉండల్నీ ఒకేసారి కాల్చకుండా, పచ్చి ఉండల్ని ప్లేట్‌లో విడివిడిగా పెట్టి ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, జిప్ కవర్లో వేసి తేదీ రాసి పెట్టుకోండి. నెల రోజుల వరకు ఏం కాదు. సాయంత్రం చాయ్ టైమ్‌కి ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని ఉండలే తీసి, ఐదు నిమిషాలు బయట ఉంచి, కాస్త ఒత్తి, అదే 175 డిగ్రీల దగ్గర రెండు నిమిషాలు అదనంగా కాల్చుకుంటే సరిపోతుంది.